ట్రైలర్ కట్టుకుని కొండెక్కాలంటే: డెల్టా కుటుంబాలకు కొన్ని బరువు లెక్కలు

రావులపాలెం నుంచి అమలాపురం మీదుగా అంతర్వేది దాకా కారు నడిపితే, దారిలో తగిలే ఎత్తు ఏదైనా ఉందంటే అది వంతెన ఎక్కే రోడ్డే. మిగతాదంతా చదును. కాలవ గట్టు, గట్టు పక్కన చేను, చేను దాటితే కొబ్బరితోట. ఇక్కడ డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్ళకి ఇరుకు రోడ్డు మీద ఎదురొచ్చే ఆర్టీసీ బస్సుకి దారివ్వడం వచ్చు, వానలో గుంట ఎక్కడుందో పసిగట్టడం వచ్చు, ట్రాక్టర్ ట్రక్కుని గట్టు మీద వెనక్కి నడపడం కూడా వచ్చు. ఏటవాలు మీద బరువు ఎలా ప్రవర్తిస్తుందో నేర్చుకునే అవకాశం మాత్రం ఈ నేల ఇవ్వదు.

ఇప్పుడు ఆ అవసరం రెండు రకాల కుటుంబాలకు వస్తోంది. పిల్లలు అమెరికాలో స్థిరపడ్డ ఇళ్ళు డెల్టాలో వీధి వీధికీ ఉన్నాయి. వేసవిలో అమ్మానాన్నలు వెళ్ళినప్పుడు ఒక ట్రావెల్ ట్రైలర్, అంటే కారు వెనక లాక్కెళ్ళే చక్రాల ఇల్లు, అద్దెకు తీసుకుని రాకీ పర్వతాల్లోని క్యాంప్‌గ్రౌండ్లు చూపించాలని పిల్లలు ముచ్చట పడుతున్నారు. ఇంకోపక్క ఇక్కడే ఉన్న కుర్రాళ్ళు కొందరు ఎస్‌యూవీ వెనక చిన్న క్యారవాన్ ట్రైలర్ కట్టించుకుని మారేడుమిల్లికో, లంబసింగికో, అరకుకో వెళ్దామని చూస్తున్నారు. ఇద్దరూ మొదట అడిగేది ఒకటే: మన బండి లాగుతుందా?

లాగుతుంది. ఈ రోజుల్లో కార్ల ఇంజన్లకు లాగడం పెద్ద కష్టం కాదు. ప్రమాదాలు ఎక్కువగా వచ్చేది, బరువు బండి మీద ఎక్కడ కూర్చుంది అన్నదాన్ని బట్టీ, దిగేటప్పుడు ఆ బరువుని ఎవరు ఆపుతున్నారు అన్నదాన్ని బట్టీ. చదును నేల మీద మెల్లగా పోతున్నప్పుడు ఈ రెండు విషయాల్లో తప్పు చేసినా చాలాసార్లు ఏమీ జరగదు. అందుకే తప్పు చేశామని కూడా తెలియదు. ఘాట్ ఎక్కాక, అంతకన్నా ముఖ్యంగా ఘాట్ దిగేటప్పుడు తెలుస్తుంది. అప్పటికి సరిదిద్దుకునే చోటు ఉండదు.

ట్రాక్టర్ అనుభవం ఎంతవరకు పనికొస్తుందో కూడా ముందే చెప్పుకోవాలి. వెనక్కి నడిపే నేర్పు పూర్తిగా పనికొస్తుంది. స్టీరింగ్ ఒకవైపు తిప్పితే ట్రక్కు రెండో వైపు తిరగడం, కాస్త ఎక్కువ తిప్పితే మడతపడటం, ఇవన్నీ అక్కడా ఇక్కడా ఒకటే. కానీ ట్రాక్టర్ మెల్లగా పోతుంది కాబట్టి వెనక ట్రక్కు ఊగి బండిని ఈడ్చేయడం మనం చూడం. నేల చదును కాబట్టి ట్రక్కుకి సరైన బ్రేకులు లేకపోయినా పని నడిచిపోతుంది. ఈ రెండు ధీమాలనూ డెల్టాలోనే వదిలేసి బయల్దేరాలి.

హిచ్ మీద ఎంత బరువు

ట్రైలర్ ముందు కొస కారు వెనక ఉన్న హిచ్ మీద, అంటే ట్రైలర్‌ని తగిలించే బిగింపు మీద, కూర్చుంటుంది. అక్కడ అది కిందికి నొక్కే బరువుని హిచ్ బరువు అందాం. మొత్తం వ్యవహారంలో అతి ముఖ్యమైన అంకె ఇదే. ఎడ్లబండి తోలిన పెద్దవాళ్ళని అడిగితే దీని సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తారు. బస్తాలన్నీ ముందుకి పేరిస్తే కాడి ఎడ్ల మెడ మీద పడి అవి కుంగిపోతాయి. అన్నీ వెనక్కి పేరిస్తే కాడి పైకి లేచి పలుపులు ఎడ్ల గొంతుకి బిగుస్తాయి. ఇరుసుకి కాస్త ముందుకు ఒరిగేలా బరువు సర్దినప్పుడే బండి నెమ్మదిగా, వంకర పోకుండా నడుస్తుంది. కారుకీ ట్రైలర్‌కీ మధ్య జరిగేది సరిగ్గా ఇదే.

అమెరికాలో వాడే ట్రావెల్ ట్రైలర్లకు, సామానుతో కలిపి మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద ఉండాలంటారు. యూరప్‌లో ట్రైలర్లు తేలిక, వేగ పరిమితులూ తక్కువ కాబట్టి 5 నుంచి 7 శాతంతో సరిపెడతారు. ఎక్కువైతే కారు వెనక భాగం కుంగి, ముందు చక్రాల మీద బరువు తగ్గి, స్టీరింగ్ తేలిపోతుంది. తక్కువైతే ట్రైలర్ పాము నడకలా ఊగుతుంది. రెండిటిలో తక్కువ కావడమే ఎక్కువ ప్రమాదం.

ఈ అంకె ఎంత తేలిగ్గా తారుమారవుతుందో ఒక లెక్క చూడండి. మొత్తం 1,000 కిలోల చిన్న ట్రైలర్, హిచ్ మీద 100 కిలోలు. హిచ్ నుంచి ఇరుసుకి 3 మీటర్లు. వంట గ్యాస్ సిలిండర్ నిండుగా ఉంటే దాదాపు 30 కిలోలు. దాన్ని ఇరుసుకి 2 మీటర్లు ముందు పెడితే హిచ్ మీద 20 కిలోలు పెరుగుతుంది. తలుపు పక్కన సులువుగా ఉంటుందని ఇరుసుకి 2 మీటర్లు వెనక పెడితే 20 కిలోలు తగ్గుతుంది. ఒక్క సిలిండర్ చోటు మారితే 40 కిలోల తేడా. ఇక నీళ్ళ ట్యాంకు సంగతి. లీటరు నీళ్ళు కిలో. 150 లీటర్ల ట్యాంకు ఇరుసు వెనక ఉన్న ట్రైలర్‌లో నీళ్ళు నింపుకుని బయల్దేరితే, ఇంటి దగ్గర సరిగ్గా ఉన్న హిచ్ బరువు రోడ్డెక్కేసరికి ప్రమాదకరంగా పడిపోవచ్చు. మనవాళ్ళు ఎక్కడికెళ్ళినా బియ్యం, పచ్చళ్ళ జాడీలు, ఊరి కొబ్బరికాయలు, మంచినీళ్ళ క్యాన్లు తీసుకెళ్తారు. తీసుకెళ్ళండి. బరువైనవన్నీ నేల మీద, ఇరుసుకి దగ్గరగా, కొంచెం ముందువైపు పెట్టండి. వెనక గోడ దగ్గర పరుపులు, దుప్పట్లు చాలు.

తూకం వేసుకోవడానికి డెల్టా కన్నా మంచి చోటు లేదు. రైస్ మిల్లులు ఉన్న చాలా ఊళ్ళలో వేబ్రిడ్జి ఉంటుంది. మనుషులు, సామాను అంతా ఎక్కాక ముందు కారునీ ట్రైలర్‌నీ కలిపి తూచండి. తర్వాత ట్రైలర్ తగిలించే ఉంచి దాని చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా ఆపండి. చివరికి ట్రైలర్‌ని విప్పి దాన్నొక్కదాన్నే తూచండి. విడిగా తూచిన బరువులోంచి, తగిలించినప్పుడు దాని చక్రాల మీదున్న బరువు తీసేస్తే వచ్చేదే హిచ్ బరువు. పెద్ద కాటాలు కిలో కిలోకి తేడా చూపించవు కాబట్టి చిన్న ట్రైలర్ అయితే ముందు కొసని బస్తాలు తూచే కాటా మీద, హిచ్ ఎంత ఎత్తులో ఉంటుందో అంతే ఎత్తులో ఆనించి చూస్తే ఇంకా సరిగ్గా తెలుస్తుంది. అమెరికాలో ఉన్న పిల్లలకు హైవేల పక్కన లారీలు ఆగే ట్రక్ స్టాపుల్లో ఇలాంటి కాటాలు దొరుకుతాయి.

ప్రకటనలో అంకె, డోర్ మీద అంకె

అమెరికాలో పికప్ ట్రక్కు కొనేటప్పుడు 4,000 కిలోలు లాగుతుంది, 5,000 కిలోలు లాగుతుంది అని పెద్ద అక్షరాల్లో రాస్తారు. ఆ అంకె అబద్ధం కాదు. ఎస్ఏఈ జె2807 అనే ప్రమాణం ప్రకారం పరీక్షించి వేస్తారు. ఆరిజోనాలో డేవిస్ డామ్ దగ్గరున్న 18 కిలోమీటర్ల ఎక్కుడు రోడ్డు ఆ పరీక్షకు ప్రమాణం. కానీ అందులో బండిలో ఇద్దరే ఉంటారని, ఒక్కొక్కరు 68 కిలోలే ఉంటారని అనుకుంటారు. మన కుటుంబాలు అలా వెళ్తాయా?

అసలు చూడాల్సిన అంకె డ్రైవర్ డోర్ తెరిస్తే పక్క స్తంభం మీద అంటించిన స్టిక్కర్‌లో ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇంత బరువు మించరాదని అక్కడ రాసి ఉంటుంది. హిచ్ బరువు కూడా అందులోకే వస్తుంది. చాలామంది మర్చిపోయేది ఇదే. ఉదాహరణకి ఆ స్టిక్కర్ మీద 650 కిలోలు అని ఉందనుకుందాం. లాగే ట్రైలర్ సామానుతో 2,700 కిలోలు. అందులో 13 శాతం అంటే సుమారు 350 కిలోలు హిచ్ మీద. హిచ్ సామాగ్రి ఒక 40 కిలోలు. మిగిలింది 260. ఇక కొడుకు, కోడలు, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్న, తలా 70 కిలోల చొప్పున 280. పిల్లలిద్దరూ కలిపి 50. మొత్తం 330. ఒక్క బ్యాగు కూడా పెట్టకుండానే 70 కిలోలు మించిపోయింది. ప్రకటన ప్రకారం మాత్రం ఆ బండి ఇంకో 1,500 కిలోలు కూడా లాగగలదు.

దీనికి విరుగుడుగా స్ప్రింగ్ కడ్డీలున్న వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ వాడతారు. అది వెనక కుంగిన బరువులో కొంత ముందు చక్రాలకీ, కొంత ట్రైలర్ చక్రాలకీ మళ్ళిస్తుంది. మంచి వస్తువే. అయితే అది బరువుని సర్దుతుంది, తగ్గించదు. స్టిక్కర్ మీద పరిమితిని పెంచదు. బరువు మించితే చిన్న ట్రైలర్ తీసుకోవాలి, లేదా ఇద్దరు వేరే కారులో రావాలి. పిల్లలతో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు పెద్దవాళ్ళు ఈ స్టిక్కర్ సంగతి అడగడంలో తప్పేం లేదు.

ఇక్కడి బండ్ల పరిస్థితి వేరు. మన దేశంలో అమ్మే చాలా కార్ల మాన్యువల్‌లో ఎంత లాగొచ్చన్న అంకే కనబడదు. కొన్నిటిలో లాగొద్దనే రాసి ఉంటుంది. ఆస్ట్రేలియాలో టయోటా హైలక్స్‌కి బ్రేకులున్న ట్రైలర్ అయితే 3,500 కిలోల దాకా అని ఇస్తారు. ఇంటర్నెట్‌లో ఆ అంకె చూసి ఇక్కడ కొన్న అదే పేరు బండికి కూడా చెల్లుతుందనుకోకూడదు. ఇక్కడి మాన్యువల్ ఏం చెప్తే అదే. బయట షాపులో బంపర్ కింద బిగించే హుక్కు ఎంత గట్టిదైనా, అది ఛాసిస్‌కి ఎక్కడ పట్టింది, బోల్టుకి పట్టిందా వెల్డింగ్‌కి పట్టిందా అన్నది కింద పడుకుని చూడాల్సిందే. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో అయితే ఏడాదికోసారైనా తుప్పు చూసుకోవాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఇనుప గేట్లు ఎలా తినేస్తాయో అందరం చూస్తూనే ఉన్నాం.

చట్టం విషయం కొద్ది మాటల్లో. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే. దానికీ రిజిస్ట్రేషన్ ఉండాలి, ఇన్సూరెన్స్ ఉండాలి. 61వ సెక్షన్ ప్రకారం లాగే బండి నంబరు ట్రైలర్ మీద కూడా కనబడాలి. వెల్డింగ్ షాపులో చేయించి నేరుగా రోడ్డెక్కించేది కాదు. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట అడిగేది ఈ కాగితాలే.

ఊగడం మొదలైతే

పక్క నుంచి లారీ దాటినప్పుడు, లేదా గోదావరి వంతెన మీద ఏటిగాలి అడ్డంగా కొట్టినప్పుడు ట్రైలర్ కొద్దిగా పక్కకి జరుగుతుంది. హిచ్ దగ్గర కీలు ఉంది కాబట్టి వెనక భాగం ఒకవైపు పోతే కారు వెనక భాగాన్ని రెండో వైపు నెడుతుంది. కారు సర్దుకుంటుంది, ట్రైలర్ మళ్ళీ ఇటు వస్తుంది. ఒక వేగం లోపు ఉంటే రెండు మూడు ఊపుల్లో అదే ఆగిపోతుంది. ఆ వేగం దాటితే ప్రతి ఊపు ముందు దానికన్నా పెద్దదవుతుంది. అలా నాలుగైదు ఊపుల్లో కారు అడ్డం తిరగవచ్చు.

ఆ వేగం ఎంత అన్నది ప్రతి ట్రైలర్‌కీ వేరు. వెనక బరువు పెరిగినా, హిచ్ బరువు తగ్గినా, టైర్లలో గాలి తగ్గినా ఆ హద్దు కిందికి దిగుతుంది. నిన్న 80లో బాగానే వచ్చిన ట్రైలర్ ఈ రోజు 65లో ఊగడానికి కారణం ఇదే. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే బండికి గంటకు 55 మైళ్ళే పరిమితి, అంటే 88 కిలోమీటర్లు. ట్రైలర్లకు వేసే ప్రత్యేక టైర్లు చాలావాటికి 105 కిలోమీటర్లే గరిష్ఠ వేగం. మన ఎన్‌హెచ్-16 మీద తుని వైపు వెళ్తూ పక్క కార్లు వందలో పోతున్నాయని మనం కూడా పోనక్కర్లేదు.

ఊగడం మొదలైందా, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయాలి. ట్రైలర్ బ్రేకుని చేత్తో వేసే కంట్రోలర్ ఉంటే అదొక్కటే వేయాలి. వెనక నుంచి పట్టి లాగినట్టయి రెండూ ఒక గీత మీదకి వస్తాయి. కారు బ్రేకు గట్టిగా తొక్కితే ట్రైలర్ ముందుకి నెట్టి ఇంకా మడతపడుతుంది. ఊపుకి ఎదురు స్టీరింగ్ తిప్పుదామన్నా మన చెయ్యి ఎప్పుడూ ఒక క్షణం ఆలస్యమే, దాంతో ఊపు పెరుగుతుంది. ఆ క్షణంలో టెన్షన్‌కి చెయ్యి తనంతట తానే స్టీరింగ్ తిప్పేస్తుంది, అందుకే ఈ సంగతి ముందే మనసులో పెట్టుకోవాలి. ఆగాక సామాను సర్దకుండా మళ్ళీ బయల్దేరొద్దు.

ఎక్కడానికి 45 హార్స్‌పవర్

ఘాట్ ఎక్కడం గురించి చాలా భయపడతారు కానీ, లెక్క చూస్తే అంత లేదు. మనుషులతో కలిపి 2,300 కిలోల ఎస్‌యూవీ, వెనక 1,000 కిలోల ట్రైలర్. నూటికి ఏడు మీటర్లు లేచే ఎక్కుడు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో ఈ 3,300 కిలోలను ఎత్తడానికి దాదాపు 34 హార్స్‌పవర్ చాలు. గాలి, టైర్ల రాపిడి కలుపుకున్నా 45 లోపే. నూరు దాటిన ఇంజన్లు ఇప్పుడు మామూలే. చూసుకోవాల్సింది వేడి. తక్కువ వేగంలో రేడియేటర్‌కి ఎదురుగాలి తక్కువ, పని ఎక్కువ. టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, తక్కువ గేరులో నిదానంగా పోవాలి. వెనక బండ్లు పేరుకుంటే చోటు చూసి పక్కకి ఆగి వాటిని పోనివ్వడం మర్యాద కూడా.

కొలరాడోలో ఇంకో సంగతి తోడవుతుంది. డెన్వర్ ఊరే 1,600 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి నుంచి ఐ-70 హైవే ఐసెన్‌హోవర్ సొరంగం దగ్గర 3,400 మీటర్లకు చేరుతుంది. టర్బో లేని పెట్రోల్ ఇంజన్ ప్రతి 300 మీటర్లకూ దాదాపు 3 శాతం శక్తి కోల్పోతుంది, అంటే ఆ సొరంగం దగ్గర మూడో వంతు పోయినట్టే. టర్బో ఉంటే ఈ నష్టం చాలావరకు తగ్గుతుంది. ఇంజనుకే కాదు, మనుషులకూ గాలి పల్చబడుతుంది. సముద్ర మట్టానికి దగ్గర్లో జీవితమంతా గడిపిన మన అమ్మానాన్నల్ని విమానం దిగిన మర్నాడే 2,500 మీటర్ల క్యాంప్‌గ్రౌండ్‌కి తీసుకెళ్ళకండి. రెండు మూడు రోజులు డెన్వర్‌లోనే ఉంచండి. గుండె జబ్బో, ఆయాసమో ఉన్నవాళ్ళు బయల్దేరే ముందే డాక్టర్‌ని అడగాలి.

దిగడమే అసలు పరీక్ష

ఎక్కేటప్పుడు ఇంజన్ ఎంత పని చేసిందో, దిగేటప్పుడు అంత శక్తినీ ఎక్కడో ఒకచోట ఖర్చు చేయాలి. లంబసింగి సుమారు 1,000 మీటర్ల ఎత్తులో ఉంది. కింద నర్సీపట్నానికి వచ్చేసరికి 900 మీటర్లకు పైగా దిగుతాం. పైన చెప్పిన 3,300 కిలోల బండి అంత దిగితే వచ్చే శక్తితో 30 డిగ్రీల నీళ్ళు దాదాపు 100 లీటర్లు మరిగించవచ్చు. అరగంటలోపు ఆ వేడంతా ఇంజన్, గాలి, బ్రేకులు కలిసి పంచుకోవాలి. బ్రేకు మీద కాలు పెట్టి అలాగే దిగితే బరువంతా బ్రేకుల మీదే పడుతుంది.

బ్రేకు బాగా వేడెక్కితే రెండు జరుగుతాయి. ప్యాడ్లు జారుడు పడతాయి, పెడల్ గట్టిగానే ఉంటుంది కానీ బండి ఆగదు. ఇంకా వేడెక్కితే బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు వస్తాయి, అప్పుడు పెడల్ నేల దాకా మెత్తగా పోతుంది. ఈ రెండోదానికీ మన డెల్టాకీ నేరుగా సంబంధం ఉంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్-3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్-4 అయితే 230 నుంచి 155కి. ఏడాది పొడుగునా చెమటలు కారే ఈ ఉక్కలో తిరిగే కారులో ఆయిల్ ఎప్పుడు మార్చారో గుర్తు లేదంటే, ఆ కారుతో ట్రైలర్ లాగుతూ ఘాట్ దిగకూడదు. రెండేళ్ళకోసారి మార్చాలి. కొండకి బయల్దేరే ముందు మార్పించుకుంటే ఇంకా మంచిది. ఖర్చు తక్కువ, చేసే మేలు ఎక్కువ.

దిగే పద్ధతి సులువే. దిగుడు మొదలవ్వకముందే వేగం తగ్గించి, ఎక్కేటప్పుడు ఏ గేరు వాడతామో అదే గేరులోకి దించాలి. ఇంజన్ గట్టిగా అరుస్తుంది, అరవనివ్వండి. వేగం 40 దాటుతుంటే బ్రేకు గట్టిగా తొక్కి 30కి తెచ్చి వదిలేయాలి. మళ్ళీ 40కి వస్తే మళ్ళీ అంతే. మధ్యలో వదిలిన ప్రతిసారీ బ్రేకుకి చల్లారే వ్యవధి దొరుకుతుంది. లారీ డ్రైవర్లకు అమెరికాలో నేర్పేదీ ఈ పద్ధతే. ఆటోమేటిక్ గేర్ల బండి అయితే మాన్యువల్ మోడ్‌లోకి మార్చాలి, డీలో వదిలేస్తే అది పై గేరులోకి పోతుంది. డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్‌లో దించే అలవాటు మన వైపు ఉంది. వెనక ట్రైలర్ ఉన్నా లేకపోయినా ఆ అలవాటు మానేయాలి. 2019 అక్టోబరులో మారేడుమిల్లి, చింతూరు మధ్య ఘాట్‌లో పర్యాటకుల వాహనం లోయలో పడి ప్రాణాలు పోయాయి. ఆ మలుపులు నిర్లక్ష్యాన్ని క్షమించేవి కావు.

ఇక ట్రైలర్ బ్రేకులు. కారు బ్రేకులు కారు బరువుకి తగ్గట్టు చేసినవి. వెనక వెయ్యి కిలోలు కడితే 2,300 కిలోల పని చేయాల్సినవి 3,300 కిలోల పని చేయాలి. అందుకే యూరప్‌లో 750 కిలోలు దాటిన ట్రైలర్‌కి సొంత బ్రేకులు తప్పనిసరి. అమెరికాలో ఒక్కో రాష్ట్రానికి ఒక్కో హద్దు, చాలాచోట్ల 3,000 పౌండ్లు, అంటే 1,360 కిలోలు. నా ఉద్దేశంలో మన ఘాట్లకు బరువుతో నిమిత్తం లేదు. బ్రేకులు లేని ట్రైలర్ ఏదైనా రంపచోడవరం దాటకూడదు.

బ్రేకుల్లో రెండు రకాలున్నాయి. ఒకటి, ట్రైలర్ ముందుకి నెట్టినప్పుడు హిచ్ దగ్గరున్న కడ్డీ లోపలికి జరిగి తనంతట తానే పడే బ్రేకు. యూరప్‌లో ఇదే వాడతారు. వైర్లు అక్కర్లేదు, రిపేరు సులువు. కానీ ఘాట్ దిగేటప్పుడు ట్రైలర్ ఎప్పుడూ నెడుతూనే ఉంటుంది కాబట్టి ఈ బ్రేకు సన్నగా పడుతూనే ఉంటుంది, వేడెక్కుతుంది. మధ్యలో ఆగి చల్లార్చుకోవాలి. రెండోది కరెంటుతో పనిచేసేది, అమెరికాలో మామూలుగా ఉండేది. డ్రైవర్ దగ్గర కంట్రోలర్ ఉంటుంది, ఎంత గట్టిగా పడాలో సెట్ చేసుకోవచ్చు. దీంతోపాటు, ట్రైలర్ ఊడిపోతే దానంతట అదే బ్రేకు పడేలా ఒక తాడుతో పనిచేసే స్విచ్ ఉంటుంది. ఆ తాడుని కారుకి తగిలించాలి. కొందరు గొలుసుకే చుట్టేస్తారు, అప్పుడు దాని ప్రయోజనమే పోతుంది.

కిందికి దిగాక పది నిమిషాలు ఆగి, చక్రం నడిమి భాగం దగ్గర చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోకుండా. అన్ని చక్రాలూ దాదాపు ఒకేలా వేడిగా ఉంటే మంచిదే. ఒకటి మాత్రం మండుతుంటే అక్కడ బ్రేకు పట్టేసిందో, బేరింగ్ పోతోందో చూడాలి.

రోడ్డు సరిపోతుందా

అమెరికా ట్రైలర్లు దాదాపు 2.4 నుంచి 2.6 మీటర్ల వెడల్పు. మన ఘాట్ రోడ్లలో చాలాచోట్ల తారు 5.5 మీటర్లే, కొన్నిచోట్ల 3.75. ఎదురుగా బస్సొస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఇక్కడ తిప్పే ట్రైలర్ కారు కన్నా వెడల్పు ఉండకపోతేనే మేలు. వంకర మలుపుల్లో ట్రైలర్ చక్రాలు కారు చక్రాల జాడలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. కాబట్టి మలుపులో కాస్త బయటికి పోయి తిప్పాలి, దానికి ఎదుటి వైపు ఖాళీగా ఉండాలి. హారన్ కొట్టి, ఆగి, విని పోవాలి. చోటు చాలని చోట దిగే బండే ఆగి ఎక్కే బండికి దారివ్వాలని మన రోడ్డు నిబంధనల్లోనే ఉంది.

మారేడుమిల్లి దాకా ట్రైలర్‌తో వెళ్ళొచ్చు, అక్కడ ఆపేయండి. గుడిస కొండకి స్థానికుల జీపుల్లో వెళ్ళడమే సరైన పద్ధతి. ఆ దారి వాళ్ళకి తెలిసినట్టు మనకి తెలియదు, ఆ నాలుగు డబ్బులు కూడా ఏజెన్సీ కుర్రాళ్ళకే దక్కుతాయి. లంబసింగికి చలికాలం తెల్లవారుజామున చేరుకోవాలని అందరూ రాత్రంతా నడుపుతారు. ట్రైలర్‌తో మాత్రం ముందు రోజు సాయంత్రానికే చేరండి. పొగమంచులో వెనక వచ్చేవాడికి మన కారు లైట్లు ట్రైలర్ చాటున పడిపోతాయి. ట్రైలర్‌కి సొంత లైట్లు వెలగాలి, వెనకంతా మెరిసే టేపు ఉండాలి.

అమెరికాలోనూ ప్రతి కొండ రోడ్డూ ట్రైలర్‌కి తెరిచి ఉండదు. గ్లేసియర్ నేషనల్ పార్కులో గోయింగ్-టు-ది-సన్ రోడ్డు పై భాగానికి కారూ ట్రైలరూ కలిపి 21 అడుగులు మించితే రానివ్వరు. రాకీ మౌంటెన్ పార్కులో ఓల్డ్ ఫాల్ రివర్ రోడ్డు మీదకి ట్రైలర్లు అసలే నిషేధం. వ్యోమింగ్‌లో టీటన్ పాస్ మీద 10 శాతం దిగుడు ఉంది, నవంబరు 15 నుంచి ఏప్రిల్ 1 దాకా ట్రైలర్లు కుదరవు. మామూలు మ్యాప్ యాప్ ఇవేమీ చూడకుండా దగ్గర దారి చూపిస్తుంది. పార్కు వెబ్‌సైట్‌లో చూసుకుని, క్యాంపు స్థలం బుక్ చేసేటప్పుడు ఆ స్థలంలో ఎన్ని అడుగుల ట్రైలర్ పడుతుందో కూడా చూడాలి.

ఆపాక

కొండ మీద ఎక్కడ ఆపినా నేల ఎటో ఒకటు వాలుగానే ఉంటుంది. హిచ్ విప్పకముందే ట్రైలర్ చక్రాలకు రెండు వైపులా అడ్డు దుంగలు పెట్టాలి. విప్పాక పెడదాంలే అనుకుంటే కొన్నిసార్లు అప్పటికే అది కదిలిపోతుంది. జాకీ కింద గట్టి పలక వేయాలి, వాన పడ్డ నేలలో ఒట్టి జాకీ దిగబడిపోతుంది. ప్రయాణంలో గ్యాస్ వాల్వు కట్టేసి ఉంచాలి. గిన్నెలు కడిగిన నీళ్ళు, టాయిలెట్ ట్యాంకు వాగుల్లోకి వదలొద్దు. అమెరికాలో దానికి డంప్ స్టేషన్లు ఉంటాయి. ఇక్కడ అలాంటి ఏర్పాటు ఉన్న చోటు దొరికేదాకా మూత బిగించి తీసుకురావాలి. మన్యం వాగుల్లో నీళ్ళు కింద ఊళ్ళవాళ్ళు తాగేవే.

ఇంకొకటి, దీన్ని మాత్రం పిల్లలకీ పెద్దలకీ అందరికీ చెప్పండి. లంబసింగి చలికి తట్టుకోలేక బొగ్గుల కుంపటి ట్రైలర్ లోపల పెట్టుకుందామని ఎవరో ఒకరు అంటారు. జనరేటర్ తలుపు పక్కనే నడుపుదామని ఇంకొకరు అంటారు. రెండూ వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు ఉండదు, వాసన ఉండదు, నిద్రలో ఉన్నవాళ్ళని నిద్రలోనే తీసుకుపోతుంది. ఒక కిటికీ తీసిపెడితే సరిపోతుందన్నది నిజం కాదు. కుంపటి బయటే ఉండాలి, అక్కడే పూర్తిగా ఆర్పాలి. జనరేటర్ దూరంగా, పొగ గొట్టం అటువైపు తిరిగేలా పెట్టాలి. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొని పడుకునే చోట బిగించుకోండి. చలికి ఇంకో రెండు దుప్పట్లు తీసుకెళ్ళండి, అవి ట్రైలర్ వెనక గోడ దగ్గర పెట్టినా బరువు లెక్క చెడదు.